గంతలు విప్పిన ఆదివారం

మా అమ్మాయి పులివెందులలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. దాని కూతురికి ఎనిమిదేళ్ళు. ఈమధ్య మా ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు రోడ్డున ఊరు దాటి కొంచెం పోయాక, ఎవరో చదువుకున్న పిల్లలు కలిసి గుర్రపుసాల ఒకటి పెట్టి, పిన్నలకూ పెద్దలకూ స్వారీ నేర్పిస్తామని ఫోన్లలో ప్రకటనలు పంపుతున్నారు. అది చూసినప్పటినుంచీ మనవరాలు ఇంట్లో ఎవరినీ నిమ్మళంగా ఉండనివ్వలేదట. అందుకని ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు ముద్దనూరు మీదుగా కారులో దిగుతారు, మా ఇంట్లో ఇడ్లీలు తింటారు, నన్ను కూడా ఎక్కించుకుని అక్కడికి తీసుకుపోతారు. రిటైరైన పంతులమ్మకు ఆదివారం మాత్రం ఏం పని ఉంటుంది, సరేనని పోయాను.

మొదటివారం కారు దిగి నాలుగడుగులు వేశానో లేదో, ఉలవల వాసన, లద్దెల వాసన, చెమటపట్టిన తోలు వాసన, మూడూ కలిసి ఒక్కసారిగా ముఖానికి కొట్టాయి. చేతిలోని నీళ్ళసీసా జారిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లల్ని గడగడలాడించిన మనిషిని, వెనక్కి తిరిగి కారులో కూర్చుని, అద్దాలు ఎత్తుకుని, తలుపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. మా అమ్మాయి అద్దం దగ్గరికి వచ్చి పడీపడీ నవ్వింది. “ఏందిమా, జట్కా సాయిబు బిడ్డవి, నువ్వే గుర్రానికి భయపడ్తే ఎట్ల?” అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. నలభై ఏళ్ళు కాపురం చేసిన భర్తకే చెప్పని సంగతి, కారు అద్దంలోంచి కూతురికేం చెప్పను? మీరంటే నా ఈడువాళ్ళు, జట్కా ఎక్కినవాళ్ళు, మీకు చెబితే అర్థమవుతుందని నా ఆశ.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మా నాయన జట్కా తోలేవాడు, ఆయన తండ్రీ జట్కాయే, చిన్నాయన కూడా జట్కాయే. జట్కా ఎక్కినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కింద పచ్చగడ్డి పరిచి, దానిమీద గోనెపట్టా వేసి, మనల్ని ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేట్టు సర్ది, బండి కదిలించేముందు తోలేమనిషి వెనక్కి తిరిగి “రవ్వంత ముందుకు జరగండప్పా” అనో “నువ్వు యెనక్కి జరుగుమా” అనో అనేవాడు. బరువు ముందుకు పడితే గుర్రం వీపు అణిగిపోతుంది, వెనక్కి పడితే బండి ఆకాశం చూస్తుంది. ఆ తూకం మా నాయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఊళ్ళో పేరుండేది. కళ్ళు మూసుకుని కూడా, ఎవరు ఎంత జరగాలో చెప్పగలడని చిన్నాయన మెచ్చుకునేవాడు.

మా గుర్రానికి రంగునుబట్టి బెల్లం అని పేరు పెట్టారు. పేరులో ఉన్న తీపి దాని గుణంలో లేదు. నాకు అయిదేళ్ళప్పుడు, పండుగనాడు అమ్మ నా జడలో కనకాంబరాలు, మరువం తురిమితే, అది సాలలోంచి మెడ చాచి మరువంతోపాటు జడను కూడా పళ్ళతో పట్టుకుని నన్ను నేలమీదినుంచి లేపేసింది. నాయన వచ్చి దాని ముక్కుమీద కొట్టేదాకా నేను గాలిలోనే ఉన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాననే చెబుతారు. ఆ రోజునుంచీ మాత్రం, రోజూ సాయంత్రం దానికి ఉలవల తట్ట తీసుకుపోవడమంటే నాకు గండమే. తట్ట దూరంగా పెట్టి, కట్టెతో ముందుకు నెట్టి, పరుగెత్తుకు వచ్చేదాన్ని. మా ఇల్లు రెండు గదులు, గోడ అవతలే రేకుల సాల. అవతల అది కాలు మారిస్తే ఇవతల నాకు మెలకువ వచ్చేది. గుర్రపువాళ్ళ ఇంట్లో పుట్టి గుర్రానికి భయమని ఎవరితో చెప్పుకోను? చాకలివాళ్ళ బిడ్డ నీళ్ళకు భయపడ్డట్టు ఉంటుందని సిగ్గుపడేదాన్ని.

నాకు పదేళ్ళు వచ్చేసరికి రిక్షాలు వచ్చాయి, పల్లెలకు బస్సులు వచ్చాయి. బజారులో జట్కాలు పొద్దంతా నిలబడి గుర్రాలు ఈగలు తోలుకోవడమే పనయింది. చిన్నాయన గుర్రాన్నీ బండినీ అమ్ముకుని కువైటు పోయాడు. నాయనను కూడా రమ్మన్నాడు గానీ, నాయనకు బెల్లాన్ని అమ్మడానికి చేతులు రాలేదు. మనుషులకు లేకపోయినా దానికి ఉలవలు తప్పేవి కావు, అమ్మ దానిమీదే రోజూ సణుగుతుండేది.

అట్లాంటి రోజుల్లో ఎర్రగుంట్ల దోవలో ఉన్న ఫ్యాక్టరీ కాలనీనుంచి ఒక పెద్ద ఇంజినీరుగారి భార్య, కారు చెడిపోయి, బజారునుంచి మా జట్కా ఎక్కింది. కోస్తావైపు మనిషి, మంచిది, తీరికగా మాట్లాడేది. దోవపొడుగునా గుర్రాన్ని చూసి మురిసిపోయి, దిగేటప్పుడు, “మా పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పిస్తావా సాయిబూ? ఆదివారాలు వస్తే చాలు. నేను కూడా నేర్చుకుంటాను” అని అడిగింది. నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నేర్పిస్తానని వచ్చేశాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగానే అమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. ఎందుకంటే మా నాయన పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా గుర్రం ఎక్కలేదు. మీకు వింతగా ఉంటుందేమో గానీ, జట్కావాళ్ళు చాలామంది అంతే. వాళ్ళు బండిలో కూర్చుంటారు, గుర్రం ముందు నడుస్తుంది, వీళ్ళకు దాని వెనకభాగం తెలిసినంతగా వీపు తెలియదు. ఇంజినీరమ్మకు ఆ సంగతి తెలియదు, గుర్రమున్నవాడికి స్వారీ వచ్చే ఉంటుందనుకుంది. మా ఊళ్ళో అడిగినా నూటికి తొంభైమంది అట్లాగే అనుకునేవాళ్ళు. అమ్మ అడిగింది, “నీకే రాదు గదా, యాడ నేర్పిస్తావు?” అని. నాయన నావైపు చూపించాడు. “పాప కూచ్చుంటాది, నేను పక్కన నడుస్తా. పాపను జూసి ఆ పిల్లోళ్ళు నేర్చుకుంటారు. దానికేం భయం?” అన్నాడు.

ఆ ‘దానికేం భయం’ అన్న మాట నా మెడలో రాయిలా పడింది. కాదనడానికి నోరు తెరిచాను కూడా. గోడ అవతల బెల్లం ఖాళీ తట్టను మూతితో నేలమీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఈ ఆదివారాలు నిలబడితేనే అది మా ఇంట్లో ఉంటుందని, పోతే నాయన బతుకుదెరువు పోతుందని పదేళ్ళ పిల్లకు కూడా అర్థమయింది. నోరు మూసుకున్నాను.

జీను యాడనుంచి తేవాలన్నది తరువాతి చిక్కు. పెళ్ళికొడుకుల ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఒకాయన దగ్గర పాతది దొరికింది. ఎర్ర మఖమలు, చుట్టూ బంగారురంగు కుచ్చులు, అంచుల్లో బిళ్ళలంత అద్దాలు. మొదటి ఆదివారం ఆ జీను వేసి, కాలనీలోని ఆటస్థలంలో నాయన నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు. ఎక్కించేముందు చెవిలో, “ఏడుపొస్తే యింటికి పొయినాక ఏడువు, ఈడ మాత్రం నగుతా ఉండు” అన్నాడు. అంటే నాయనకు ఎక్కడో అనుమానం ఉండే ఉంటుంది, లేకపోతే ఆ మాట ఎందుకు అంటాడు? అప్పుడు నాకు అంత ఆలోచన లేదు. నేల ఎంత దూరమైపోయిందో చూసుకున్నాను. పిక్కల పక్కన గుర్రం చర్మం ఈగ వాలినప్పుడల్లా జలదరిస్తుంటే నా ఒళ్ళంతా జలదరించేది; దాని చెవులు వెనక్కి తిరిగితే జీను అంచును రెండు చేతులా పట్టుకునేదాన్ని. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉన్నాను. ఇంజినీరమ్మ చప్పట్లు కొట్టి, “ఈ పిల్లకు భయమే లేదే!” అని ముచ్చటపడింది.

తరువాత ఆమె కొడుకు, కూతురు, చివరికి ఆమే, ఒకరి తరువాత ఒకరు ఎక్కేవారు. నాయన కళ్ళెం పట్టుకుని నడుస్తూ, ఆయనకు వచ్చిన విద్య ఒక్కటే కాబట్టి అదే నేర్పేవాడు: “రవ్వంత ముందుకు జరుగు నాయనా, ఆఁ, ఇప్పుడు యెనక్కి. అమ్మా, నువ్వు కుడిపక్కకు ఒరిగినావు, సర్దుకో.” జట్కాలో ప్రయాణికులను సర్దినట్టే వీపుమీద పిల్లలను సర్దాడు. చిత్రమేమంటే వాళ్ళు నిజంగానే నేర్చుకున్నారు. నెలలోపల కాలనీనుంచి ఇంకొంతమంది పిల్లలు, బొజ్జ తగ్గించుకోవాలనుకున్న ఒక డాక్టరుగారు కూడా వచ్చి చేరారు. బెల్లం ఒళ్ళు చేసింది, అమ్మ సణుగుడు ఆగిపోయింది. నేను మాత్రం శుక్రవారం నుంచే అన్నం తినలేకపోయేదాన్ని. శనివారం జ్వరం రావాలని నీళ్ళకుండ దగ్గర తడిబట్టలతో కూర్చునేదాన్ని. ఆ పాడుజ్వరం ఒక్కసారీ రాలేదు.

అట్లా ఏడాది కావస్తుండగా జరిగింది ఆ గంతల సంగతి. జట్కా గుర్రానికి కళ్ళకు రెండు పక్కలా తోలు గంతలు ఉంటాయి కదా, ముందున్న దోవ తప్ప పక్కన ఏముందో కనిపించకుండా. ఇంజినీరమ్మకు వాటిని చూస్తే జాలి. వాళ్ళింట్లో ఏదో గోడపటంలో స్వారీ గుర్రాలుండేవి, వాటికి గంతలు లేవు. “పాపం, దాని కళ్ళెందుకు కట్టేస్తావు సాయిబూ, తీసెయ్యి, అది కూడా లోకం చూడనీ” అంది. కాదనడం నాయనకు పుట్టుకతో రాని విద్య. పైగా స్వారీ గుర్రానికి గంతలుండవని తనకు ముందే తెలిసినట్టు కనబడాలి. చాకుతో కుట్లు తెంపి రెండు గంతలూ తీసి జేబులో వేసుకున్నాడు. పన్నెండేళ్ళపాటు ఆ గుర్రం బజారులో, రోడ్డుమీద, ఎండలో, ఎప్పుడూ పక్కకు చూసి ఎరగదని ఆయనకు తోచలేదు. ఆమెకు అసలే తెలియదు. ఎప్పటిలాగే మొదట నన్ను ఎక్కించారు.

పది అడుగులు బాగానే నడిచింది. ఆ పైన ఎండ జీను అద్దాల మీద పడి మెరిసింది, కుచ్చులు ఊగాయి, నా పావడా అంచు ఎగిరింది. బెల్లం పక్కకు తల తిప్పి, తన ఒంటిమీదే ఏదో ఎర్రటి జంతువు మెరుస్తూ ఊగుతూ ఉండటం పుట్టి మొదటిసారి చూసింది. ఒక్క విదిలింపుతో నాయన చేతిలోంచి కళ్ళెం పోయింది. దాని గుండె నా మోకాళ్ళకు తెలుస్తోంది, అంత గట్టిగా కొట్టుకుంటోంది; అది పరుగెత్తేకొద్దీ కుచ్చులు ఇంకా ఎగిరాయి, కుచ్చులు ఎగిరేకొద్దీ అది ఇంకా పరుగెత్తింది. వెనకనుంచి నాయన కేకలు, ఎదురుగా కాలనీ గేటు, గేటు అవతల లారీల రోడ్డు. దాని మెడను కరుచుకుని, చచ్చిపోతున్నానని మాత్రం చాలా స్పష్టంగా అనుకున్నాను. వాచ్‌మన్ గేటు మూయడం, అది గేటు ముందు గిరుక్కున తిరగడం, నేను తిరగకుండా నేరుగా పోయి కంకరలో పడటం అన్నీ ఒక్కసారే అయిపోయాయి.

లేచేసరికి ఎడమ మణికట్టు నాది కానట్టు వేలాడుతోంది. పావడా కుచ్చెళ్ళలో దాచేశాను. ఎందుకు దాచావంటే ఏం చెప్పను, దాయడం అప్పటికి అలవాటైపోయింది. అందరూ పరుగెత్తుకు వచ్చారు. పిల్లలు ఏడుస్తున్నారు, ఇంకెప్పుడూ ఎక్కం అంటున్నారు. నాయన వాచ్‌మన్ చేతిలోంచి బెల్లాన్ని తీసుకుని, తన తువ్వాలు దాని కళ్ళ పక్కన గంతల్లాగా కట్టాడు. అది నురగలు కక్కుతూ నిలబడింది. అప్పుడు ఇంజినీరమ్మ, మంచిమాటగానే, “సాయిబూ, ఒక్కసారి నువ్వెక్కి చుట్టూ తిప్పి చూపించు. లేకపోతే ఈ పిల్లలు జన్మలో మళ్ళీ దీని దగ్గరికి రారు” అంది.

నాయన రికాబులో కాలు పెట్టాడు. తీశాడు. బిగువుగానే ఉన్న జీను కడుపుకింది పట్టెడను మళ్ళీ బిగించాడు. కాలు పెట్టాడు, జీను పట్టుకున్నాడు, తీశాడు. మూడోసారి కాలు పెట్టినప్పుడు లుంగీలో ఆయన మోకాలు వణకడం నేను చూశాను. నాకు తప్ప ఎవరికీ కనిపించి ఉండదు, ఆ వణుకు నాకు ఎంత బాగా తెలుసో వాళ్ళకు తెలియదు కదా. గుర్రం అంటే ఉన్న భయం ఒక ఎత్తు, మా నాయన ఇంతమంది ఎదుట పట్టుబడిపోతాడేమోనన్న భయం పది ఎత్తులు. ముందుకు పోయి, “నేనే ఎక్కుతా నాయనా” అన్నాను. ఒక చేత్తోనే జూలు పట్టుకుని, ఇంకో చెయ్యి పావడాలో దాచుకుని, పళ్ళు బయటపెట్టి నవ్వుతూ స్థలమంతా ఒక చుట్టు తిరిగాను. చప్పట్లు కొట్టారు. నాయన కళ్ళెం పట్టుకుని, తల ఎత్తకుండా నడిచాడు.

మరునాటికి చెయ్యి చెంబంత వాచింది. జమ్మలమడుగులో దొరలకాలంనాటి ఆసుపత్రిలో ఎముకలు బాగా చూస్తారని నాయన నన్ను అక్కడికి తీసుకుపోయాడు, బస్సులో. జట్కా ఇంట్లో పెట్టుకుని బస్సు ఎక్కడం మా ఇంటా వంటా లేదు. ముందు గుర్రం లేకుండా ఇంతదూరం పోవచ్చునా అని నాకు ఎంత సుఖమనిపించిందో! ఎట్లా పడ్డావని నర్సమ్మ అడిగితే నాయనే గోడమీదినుంచి అని చెప్పాడు. పిండికట్టు వేయించుకుని తిరిగి వస్తుంటే, బస్సు బాగా కదిలాక, నాయన నావైపు చూడకుండా అన్నాడు: “మ్మేయ్, నాకు గుర్రమెక్కాలంటే శానా భయం మే. నిన్న సచ్చిపొయినంత పనాయ. నీకు భయం కాలేదా?”

అంతకన్నా మంచి అదను నాకు జన్మలో రాలేదు. ఆ ఒక్క మాటనే ఏళ్ళుగా కడుపులో మూటకట్టుకుని ఉన్నాను. కానీ చప్పట్ల రుచి ఇంకా నోట్లో ఉంది, నాయన పరువు కాపాడినదాన్నన్న గీర ఇంకా తలకెక్కి ఉంది. “నాకేం భయం నాయనా? చెయ్యి బాగైనాక మళ్ళా ఎక్కుతా” అన్నాను. నాయన కిటికీలోంచి పెన్న ఇసుక చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు బడినుంచి వచ్చేసరికి సాల ఖాళీగా ఉంది. బెల్లాన్నీ బండినీ వేంపల్లెలో కూరగాయలు తోలే మనిషికి అమ్మేశాడట. ముసలిదైపోయిందని అందరితో చెప్పాడు. ఇంజినీరమ్మ ఇంటిదాకా వచ్చి బాధపడి పోయింది. దాచకుండా చెబుతున్నాను, నాకు పండుగైంది. ఏడాది తరువాత కడుపునిండా అన్నం తిన్నాను, గోడ అవతల చప్పుడు లేక ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. నాయన సాలలో ఒక్కడే ఎంతసేపు కూర్చున్నాడో నేను చూడలేదు. తరువాత అద్దెకు రిక్షా తీసుకున్నాడు. ఎండల్లో, ఎదురుగాలిలో, ఊపిరితిత్తులు పాడయ్యేదాకా పద్దెనిమిదేళ్ళు తొక్కాడు. నన్ను పంతులమ్మ ట్రైనింగుకు పంపింది ఆ రిక్షాయే.

నాయన పోయి నలభయ్యో దినం ఫాతెహా అయి, చుట్టాలు వెళ్ళిపోయాక, అమ్మా నేనూ గిన్నెలు సర్దుకుంటున్నప్పుడు బెల్లం ప్రస్తావన వచ్చింది. అంత ప్రాణంగా చూసుకున్నదాన్ని నాయన ఎందుకు అమ్మాడని అడిగాను. అమ్మ చాలా మామూలుగా చెప్పింది: “నీకోసమేగదమ్మే. ‘పాపకు భయమనేదే లేదు, గుర్రం యింట్లో ఉంటే ఎక్కకుండా ఉండదు, ఈతూరి చెయ్యి గాదు, మెడ ఇరుగుతాది’ అని కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు. నీకు రవ్వంత భయముండింటే ఆదివారాలు మాని జట్కా తోలుకుంటా ఉండేటోడు.”

ఇప్పుడు మా వీధిలో సాలలు లేవు. కువైటు సంపాదనతో కట్టిన మేడలు, వాటి కింద కార్లు. రోజులు మారాయని అందరూ అంటారు, నాకు మారినట్టు కనబడేది ఒక్కటే. మనవరాలు పోయే గుర్రపుసాలలో ఇప్పటి పిల్లలు భయమేస్తే భయమేస్తోందని నలుగురిలో అనేస్తారు, అన్నందుకు వాళ్ళను ఎవరూ తక్కువచేయరు, ఎత్తి దించి మంచినీళ్ళిస్తారు. చూస్తుంటే సంతోషంగా ఉంటుంది, కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది. మా కాలంలో ఒకే చూరుకింద, ఒకే జంతువును చూసి వణికే తండ్రీబిడ్డలం, ఒకరి వణుకు ఒకరికి తెలియకూడదని నవ్వుతూ బతికాం. నాయన తన వంతు మాట చెప్పేశాడు, పాపం, ఆ బస్సులో. నేను కూడా ‘నాకూ భయమే నాయనా’ అని ఉంటే ఆయన ఎంత నవ్వేవాడో, ఇంకా ఎన్నేళ్ళు బండిలో కూర్చుని జనాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుండేవాడో. ఆ మూడు మాటలు ఇప్పుడు ఎన్నిసార్లు అనుకున్నా వినేమనిషి లేడు.